ఐపీ పెట్టినాయన

అమీర్‌పేటలో సిటీ బస్సెక్కాను. పక్క సీటాయన ఫోన్ మోగింది. జనం వింటారన్న జంకు లేకుండా ఎత్తాడు.

“భాయ్, నేను ఐపీ పెట్టిన. వసూళ్లు ఆపమని కోర్టు ఆర్డర్ ఇచ్చింది. ఏమున్నా గా కోర్టులనే చెప్పుకో,” అని పెట్టేశాడు.

దివాలా తీశానని అంత గట్టిగా చెప్పుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. మా గుంటూరు వైపు ఆ మాట తిట్టుతో సమానం. ఐపీ పెట్టిన మా బాబాయి పేరు ఆ తర్వాత ఏ శుభలేఖలోనూ వేయలేదు.

నా చూపు ఆయనకు అర్థమైనట్టుంది.

“ఇజ్జత్ పోయిందన్నా, అబద్ధమెందుకు? కానీ ఇప్పుడు బెల్లు కొడితే మా బిడ్డ పోయి తలుపు తీస్తది. ముందైతే మంచం కింద దాక్కునేది.”

నా జేబులో ఫోన్ వణికింది. అప్పులవాళ్లకు జడిసి నెలల తరబడి సైలెంట్‌లో ఉంచిన ఫోన్ అది. నేను కదల్లేదు. ఆయన నా జేబు వైపు చూశాడు. భుజం మీద ఒకసారి చెయ్యి వేసి పంజాగుట్టలో దిగిపోయాడు.

ఇంటికెళ్లి సైలెంట్ తీసేశాను. కాసేపటికి ఫోన్ మోగితే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “ఎవరిదండీ ఆ ఫోను?” అంది.

“మనదే,” అని ఎత్తాను.