డెయిరీ వద్దన్న పాలు

సిద్దమ్మ చేతిలో ఏదీ వృథా కాదని సోమల దగ్గరున్న ఆమె పల్లెలో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆమె ఊరుకునే రకమూ కాదు. మొగుడు పోయాక రెండు జెర్సీ సీమావులనే నమ్ముకుని కూతురు సౌమ్యను పెంచింది, చదివించింది, కుప్పంలో సంబంధం చూసి పెళ్లి చేసింది.

సీమావులకు పొదుగువాపు మామూలే. పశువుల డాక్టరు వచ్చి సూదివేసి, "మందు దిగేదాకా ఈ పాలు డెయిరీకి పొయ్యొద్దమ్మా" అని చెప్పిపోయేవాడు. సిద్దమ్మ మాట తప్పేది కాదు, డెయిరీకి ఒక్క చుక్క పోసేది కాదు. అలాగని అన్ని పాలు నేలపాలు చేయడానికి ప్రాణం ఒప్పేదీ కాదు. బాగా మరగబెడితే మందు పోతుందనుకుని, ఇంట్లో తోడు వేసేది. ఆ పాలు సరిగా తోడుకునేవి కావు. తోడు మంచిది ఇవ్వలేదని పక్కింటి రుక్మిణమ్మను నాలుగు తిట్టి, మిగిలిన పాలు సౌమ్య గ్లాసులో నిండుగా పోసేది. సౌమ్య ఆ పాల మీదే పెరిగింది.

తొలి కాన్పుకు సౌమ్య పుట్టింటికి వచ్చింది. కొన్నాళ్లకే మూత్రంలో మంట, ఆపైన చలిజ్వరం. మదనపల్లె ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలు మార్చారు, సూదులు మార్చారు. జ్వరం దిగితే ఒట్టు.

డాక్టరమ్మ శ్రీలక్ష్మి సిద్దమ్మను పక్కకు పిలిచింది. "మన పేగుల్లో క్రిములుంటాయమ్మా. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం మందు తగిలితే, దానికి చావనివే మిగిలి పెరుగుతాయి. అట్లాంటివే ఇప్పుడు మూత్రంలోకి, రక్తంలోకి చేరినాయి. ఈమె ముందు మందులు ఎక్కువగా వాడిందా?"

"మాత్ర మింగిందే తక్కువ తల్లీ. నా పాలు, నా పెరుగే..." అంటూ సిద్దమ్మ ఆగిపోయింది. తర్వాత సూది వేసిన ఆవుల పాలు తాపిన సంగతి దాచకుండా అంతా చెప్పింది.

"అదే కారణమని గట్టిగా చెప్పలేను. కారణాలు చానా ఉంటాయి. అదీ ఒకటి కావచ్చు," అంది డాక్టరమ్మ.

సిద్దమ్మకు ఆ చివరి మాటే చెవిలో పడింది.

ఆఖరికి ఒక మందు పనిచేసి సౌమ్య బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఇంటికొచ్చిన సౌమ్య, కుమిలిపోతున్న తల్లినే ఓదార్చింది. "నన్ను కండ్లల్లో పెట్టుకుని సూసుకుంటివి. నీ తప్పేముండాదమ్మా?" అంది. పాల సంగతి మాత్రం సిద్దమ్మ కూతురి దగ్గర దాచింది.

మళ్లీ ఆవుకు పొదుగు వాచింది, సూది పడింది. సిద్దమ్మ బిందెడు పాలు మోసుకెళ్లి పెరట్లో గుంతలో పోస్తుంటే సౌమ్య బయటికొచ్చింది.

"యాలమ్మా పారబోస్తాండావు?"

"సూది ఏసిన పాలు. మనుషులు తాగకూడదంట."

"మునుపు తాగతానే ఉంటిమి గదా?"

సిద్దమ్మ తలెత్తకుండా బిందెను గుంతలోకి పూర్తిగా వంచింది. సౌమ్య బిడ్డ నిలవని కడుపు మీద చేయి పెట్టుకుని తల్లి మొహమే చూస్తూ నిలబడింది.