భవ్యశ్రీ పోస్టరు చెప్పిన నీళ్ళ దారి

ఆనందకుమారిది నరసాపురం. భర్త సిలాసుకు గురుగ్రామ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ఆమె కూడా వచ్చి, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి టీచరుగా కుదురుకుంది. చేతిలో సుద్దముక్క ఉంటే చాలు, పాఠం దానంతటదే నడిచేది. అలాంటిది ఆ ఏడాది చివరి మూడు నెలలు యూనిట్ పరీక్షల బదులు పిల్లలచేత ట్యాబ్‌లో పోస్టర్లు చేయించి మార్కులు వేయమన్నారు. బొమ్మలు, రాతలు, చివరికి సొంత గొంతు కూడా అందులో పెట్టుకోవచ్చట. మొదటి రోజు ఆమె ఏదో నొక్కితే తెర మీద ఉన్నదంతా మాయమైంది. పిల్లలే నవ్వుతూ వెనక్కి తెప్పించారు. వాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వేసింది.

ఇంటికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయన్నది మొదటి పాఠం. సాత్విక పోస్టరు పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. నీలి అలలు, గంతులేసే చేపలు, మధ్యలో నీరే ప్రాణమంటూ మెరిసే ఇంగ్లీషు అక్షరాలు. పూర్తి మార్కులు వేయబోతూ, మరి మీ ఇంటికి నీళ్ళెలా వస్తాయని ఆనందకుమారి మాటవరసకు అడిగింది. కుళాయిలోంచి అంది సాత్విక తడుముకోకుండా. క్లాసంతా అవునని తలూపింది.

మర్నాడు ఆమె కొత్త పద్ధతి పెట్టింది. అందానికి మార్కుల్లేవు. ఒకరి పోస్టరు ముందు ఇంకొకరు నిలబడి ప్రశ్న అడగాలి. పోస్టరు జవాబు చెప్పలేకపోతే కనుక్కొచ్చి చేర్చాలి. దాంతో పిల్లలు అపార్టుమెంటు గార్డులను, మోటారు గదులను వదిలిపెట్టలేదు. పైపుకు చోటు కోసం సాత్విక ఏడుపు మొహంతో చేపల్ని తీసేసింది.

భవ్యశ్రీ మాత్రం క్లాసులో ఎవర్నీ ఏమీ అడగలేదు. తండ్రికి బదిలీ అయి విజయనగరం నుంచి ఏడాది మధ్యలో వచ్చిన పిల్ల అది. హిందీ పట్టుబడలేదు, ఇంగ్లీషు పుస్తకం దాటి బయటికి రాలేదు. పరీక్ష కాగితం మీద పేరొక్కటే రాసి ఇచ్చేది. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం ఉండటంతో ఆనందకుమారికీ ఆ పిల్ల మనసులో ఏముందో తెలియలేదు.

దాని పోస్టరులో అలంకారమే లేదు. కాలువ, నీళ్ళు శుభ్రంచేసే చోటు, పెద్ద ట్యాంకు, అపార్టుమెంటు, వాటి మధ్య బాణాలు. ఒక్కో బొమ్మ పక్కన గొంతు వినిపించే గుర్తు. ఆనందకుమారి ఒకటి నొక్కితే తెలుగు వినిపించింది.

"ఎండాకాలం పైపులో నీళ్ళు చాలవు. అప్పుడు ట్యాంకర్ వస్తాది. మాది ఏడో అంతస్తు, మోటారు ఎయ్యాల. కరెంటు పోతే నీళ్ళూ పోతాయి."

కరెంటు సంగతి ఇంకెవరి పోస్టరులోనూ లేదు. ఆనందకుమారి ఇంకోసారి నొక్కి వింది. పిల్లలు మూగి మళ్ళీ మళ్ళీ నొక్కుతూ, అర్థం చెప్పమని ఆమె వైపు చూశారు. ఆమె నోరు తెరిచి, ఆగి, భవ్యశ్రీనే అడగమంది.

 భవ్యశ్రీ గోడమీది స్విచ్ చూపించి, చేయి అడ్డంగా ఊపింది.

"బిజ్లీ నహీ... పానీ నహీ."

ఒక్కసారిగా అందరికీ అర్థమైపోయింది. అయితే లిఫ్టు ఆగినప్పుడు కుళాయి కూడా ఆగుతుందా అని సాత్విక హిందీలో అడిగింది. భవ్యశ్రీ లిఫ్టుకు జెనరేటరు ఉంటుందనీ, తమ మోటారుకు లేదనీ చేతులతో, వచ్చిన రెండు ముక్కల హిందీతో చెప్పేసింది.

మార్కుల దగ్గర హెడ్మిస్ట్రెస్ అడ్డు చెప్పింది. మిగతావాళ్ళకు తెలియని భాషలో ఉంటే ఎలాగంది. పరీక్ష పెట్టింది నీళ్ళ గురించి కదా మేడమ్ అని ఆనందకుమారి నెమ్మదిగా బదులిచ్చింది. ఆవిడ గుర్తులన్నీ నొక్కి విని, బాణాల వెంట వేలు నడిపి, ఠీక్ హై అంది. కింద ఇంగ్లీషులో ఒక్కో ముక్క రాయిస్తే చాలంది. ఆ పని సాత్విక అడిగి మరీ తీసుకుంది.

తర్వాతి పాఠం చెత్త గురించి. సాత్విక, భవ్యశ్రీ ఒకే ట్యాబ్ మీద తలలు వాల్చి, చెత్తబండి ముందు రావాలా, బుట్ట ముందు రావాలా అని గట్టిగా వాదించుకుంటున్నారు. అందులో ఏ ముక్క ఏ భాషో ఆనందకుమారికి అంతుపట్టలేదు. ఇంగ్లీషులోనే మాట్లాడమని మందలించకుండా ఆ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.