బచేలీ దాకా వెళ్ళొచ్చిన వంకాయలు

ఇనుప గనుల ఊరైన కిరండూల్‌లో స్టేషను దాటాక, పట్టాలకీ రైల్వే కంచెకీ మధ్య సన్నటి జాగా ఒకటి ఉండేది. పంటలు పెంచాలన్న పథకం కింద ఆ జాగాను, పట్టాలు చూసుకునే రైల్వే కీమాన్ కూర్మారావుకు సాగుకిచ్చారు. ఎత్తు పెరిగే పైరు వేయకూడదు, లోతుగా తవ్వకూడదు, సిగ్నలుకు ఏదీ అడ్డం రాకూడదు అని షరతులు పెట్టారు. ఆ నేలలో రాళ్ళు తప్ప మరేమీ లేవన్న సంగతి మాత్రం ఏ షరతులోనూ రాయలేదు.

కూర్మారావు రోజంతా సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేవాడు. ఇంటికొచ్చాక ఆయనకు మంచం మీద తప్ప మరే జాగా మీదా ఆశ ఉండేది కాదు. అందుకని సాగు బాధ్యత భార్య పోలమ్మ మీద పడింది.

పోలమ్మది టెక్కలి దగ్గర పల్లె. గనుల ఊళ్ళో రైల్వే ఉద్యోగం చేసే అల్లుడు దొరికాడని పుట్టింటివాళ్ళు మురిసిపోయి ఆమెను రైలెక్కించారు. ఎనభైల మొదట్లో ఆమె కిరండూల్‌లో దిగి చూస్తే కొండ ఎర్రగా ఉంది, వాగు ఎర్రగా ఉంది, మర్నాటికి ఆరేసిన తెల్లచీర కూడా ఎర్రబడింది. దేశానికి ఇనుము కావాలట. ఆ ఇనుములో కొంత తన చీరకెందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రాళ్ళేరి, పేడ మోసి, ఆ జాగాను పోలమ్మ నేలగా మార్చింది. పట్టాల అవతలి కొండవాలు నుంచి వచ్చే ఊటనీళ్ళు మోయడానికి సోమ్లీ తోడొచ్చేది. సోమ్లీది దిగువ పల్లె. గనిలో ఇనపరాయి కడిగిన నీళ్ళు వాగులోంచి పొంగి ఆమె వరిమడిని ఎర్రబురదతో నింపేశాయి. అధికారులు వచ్చి, చూసి, బురద నిజంగా ఎర్రగానే ఉందని తేల్చి వెళ్ళారు. అప్పట్నుంచి ఆమె కూలికి తిరుగుతోంది. పోలమ్మకు గోండీ రాదు, సోమ్లీకి తెలుగు రాదు. సగం ఆ ప్రాంతపు సంతభాష హల్బీ, సగం హిందీ, మిగిలింది చేతులతో ఇద్దరూ హాయిగా మాట్లాడుకునేవారు.

వంకాయలు కాశాయి. నున్నగా, నల్లగా, పొద్దున్నే కోస్తే తొడిమ పచ్చిగా మెరిసే కాయలు. పోలమ్మ బుట్ట నింపుకుని గని టౌన్‌షిప్ గేటు దగ్గర కూర్చుంది. మొదటి బేరం ప్రమీలారాణి గారిది. ఆవిడ భర్త గనిలో ఇంజనీరు.

"ఎక్కడివి ఇవి?"

"ఇక్కడివేనమ్మా. పొద్దున్నే కోసినాను. అదిగో, ఆ లైను పక్కన."

"ఆ దుమ్ములోనా!" అని ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్న కొంగు కూడా ఆ దుమ్ము రంగులోనే ఉంది.

మర్నాడు పోలమ్మ కాయల్ని రెండుసార్లు కడిగి తెచ్చింది. ఇంత కడిగిందంటే ఏదో దాస్తోందని ఇంకొకావిడ అనుమానపడింది. సాయంత్రం వైజాగ్ నుంచి ప్యాసింజరు రాగానే ఆ ఆడవాళ్ళే ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళి, రోజంతా గోనెసంచిలో ఉడికి సొమ్మసిల్లిన వంకాయల్ని వ్యాపారులు చెప్పిన ధరకి పోటీపడి కొన్నారు. "వైజాగ్ కాయ రుచే వేరు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పోలమ్మ తన బుట్ట తెచ్చి మేక ముందు బోర్లించింది. తొలి కాపు అలా పోవడం చూడలేక లోపలికి వెళ్ళి కాసేపు ఏడ్చింది. మేక మాత్రం ఎక్కడి కాయని అడగలేదు.

ఆ రోజుల్లోనే టౌన్‌షిప్ క్లబ్బులో చిన్నరైతుల శిబిరం పెట్టారు. వ్యవసాయం లాభసాటిగా చేసుకోవడం ఎలాగో చెప్పడానికి జగదల్‌పూర్ నుంచి జీపులో ఒక సాహెబు వచ్చాడు. ట్రాక్టరుంటే ఎంత లాభమో, బోరుబావి ఉంటే ఎంత లాభమో, పదెకరాలుంటే ఎంత లాభమో వివరించాడు. వీటిలో ఏదీ లేనివాళ్ళకు సమోసా పెట్టించాడు. చివర్లో గొంతు పెంచి, "మీ సరుకుకి ధర ఎందుకు రావడంలేదు? బజారు మీకు దూరం! అదొక్కటే కారణం!" అన్నాడు.

పోలమ్మ సమోసా నములుతూ ఆలోచించింది. తన బజారు దూరమేం కాదు. పిలిస్తే పలికేంత దగ్గర. తన ఖర్మంతా ఆ దగ్గరలోనే ఉన్నట్టుంది. ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది.

"మావా, మన వంకాయిలు రైలెక్కాల."

మంచం మీంచి కూర్మారావు తల ఎత్తాడు. "ఏటే, వంకాయిలకి గాలి మార్పు కావాలేటి?"

"ఆటికి కాదు, కొనీవోల్లకి కావాల. ఊరు తిరిగొచ్చిన కాయైతేగాని ఆల్లు ముట్టరు."

గూడ్సుబండి గార్డు నీలకంఠం బొబ్బిలివాడు. పోలమ్మను చెల్లెలిలా చూసేవాడు. ఆమె అడిగింది విని చాలాసేపు నవ్వాడు. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి ముఖం బిగించాడు. "గార్డుపెట్టెలో బయట మడుసుల్ని ఎక్కించకూడదు సెల్లెమ్మా, రూలు ఒప్పుకోదు."

"మడుసుల్నెవుడు ఎక్కించమన్నాడన్నియ్యా? నాను బస్సులో పోతాను. వంకాయిల్నెక్కించు."

వంకాయల గురించి రూల్లో ఏముందో నీలకంఠానికి గుర్తురాలేదు. గుర్తురాకుండా ఉండడానికి వారానికోసారి ఆయనింటికి గుత్తివంకాయ కూర వెళ్ళేది.

అలా మొదలైంది. మధ్యాహ్నం ఇనపరాయి నింపుకున్న గూడ్సు వెనక, గార్డుపెట్టెలో, పోలమ్మ బుట్టలు దర్జాగా బచేలీకి బయల్దేరేవి. బచేలీ అంటే వైజాగ్ వైపు పక్క స్టేషనే. ఆమె బస్సులో వెళ్ళి వాటిని దింపుకుని, వైజాగ్ ప్యాసింజరు రాగానే టికెట్టు కొని ఎక్కేది. కిరండూల్‌లో జనంతోపాటు దిగి, అలిసిపోయినట్టు చెమట తుడుచుకుని, బుట్ట మీద గుడ్డ తీసేది.

గేటు దగ్గర కాయల్ని తప్ప అమ్మే మనిషిని చూడని ప్రమీలారాణి గారు మొదటి సాయంత్రం ఒక కాయ పట్టుకుని తిప్పి చూసింది. "చూడండి, వైజాగ్ కాయ అంటే ఇదీ. రోజంతా రైల్లో వచ్చినా ఎంత తాజాగా ఉందో!"

"ఆ నేల అలాటిదమ్మా," అంది పోలమ్మ వినయంగా.

గేటు దగ్గర ఊరికే ఇస్తానన్నా తీసుకోని కాయ, ప్లాట్‌ఫారం మీద అడిగినంతా పలికింది. బస్సు ఖర్చూ టికెట్టూ పోగా కూడా బాగానే మిగిలేది. ఆ ఏడాది జాగాకి గట్టి కంచె పడింది. సోమ్లీ కూలిమనిషి కాస్తా వాటాదారు అయింది. కూర్మారావు ఉన్నట్టుండి వ్యవసాయం మీద నలుగురికీ సలహాలివ్వడం మొదలుపెట్టాడు.

తర్వాతి వానాకాలం వైజాగ్ రైలు వచ్చే ఘాట్‌లో కొండ విరిగి పట్టాల మీద పడింది. రైళ్ళు ఆగిపోయాయి. దేశానికి ఇనుము ఆగిపోయిందని ఆఫీసుల్లో ఫోన్లు మోగాయి. టౌన్‌షిప్ వంటిళ్ళలో కూర ఆగిపోయింది. మొదట బంగాళాదుంపలు, తర్వాత పప్పు, ఆ తర్వాత పచ్చడి. పోలమ్మ మళ్ళలో మాత్రం వంకాయలు విరగ్గాశాయి. రైలు లేకుండా అమ్మితే గుట్టు బయటపడుతుంది. అమ్మకపోతే ముదిరిపోతాయి.

"దీదీ, కాయలు ఆగవు," అంది సోమ్లీ మొక్కల్ని చూపించి.

పోలమ్మకు భయమేసింది. పరువు కన్నా ఎక్కువగా, అమ్మలక్కలు ఇంజనీర్ల చేత చెప్పించి జాగా లాగేయిస్తారేమోనని. అయినా పొద్దున్నే బుట్టలు నింపి స్టేషను ముందు పెట్టుకు కూర్చుంది. నిమిషాల్లో జనం మూగారు. అందరికన్నా ముందు ప్రమీలారాణి గారు సంచీతో వచ్చి, సగం కాయలు ఏరుకున్నాక ఆగింది.

"రైలే లేదు కదా. ఇవెలా వచ్చాయి?"

అందరూ పోలమ్మ వైపు చూశారు. అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. అది మోయడం కూడా విసుగనిపించింది ఆమెకు.

"ఎక్కడ్నించీ రానేదమ్మా. అదిగో, ఆ కంచె ఎనక కాసినాయి. ముందు కూడా ఆడివే."

"అంటే ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశావన్నమాట!"

"మోసమేటమ్మా? రైల్లోంచి దిగినాయా లేదా? మీ కళ్ళతోనే సూసినారు. టికెట్టు కూడా కొన్నాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రమీలారాణి గారి ముఖం కాయ రంగుకి తిరిగింది. సంచీలో కాయలు తిరిగి బుట్టలో పోసేస్తుందేమో అనుకున్నారంతా. ఆవిడ సంచీ మూతి బిగించి, గొంతు తగ్గించి, "అయితే మరి రైలు ఖర్చు లేదుగా. ధర తగ్గించు," అంది.

పోలమ్మకు నవ్వొచ్చింది. ఆ పొద్దున కట్టుకొచ్చిన భయమంతా ఆ నవ్వులో జారిపోయింది.

"తగ్గిస్తే మళ్ళీ మీకు రుచుండదమ్మా," అంది.

అదే ధరకి బుట్టలు ఖాళీ అయ్యాయి. పట్టాలు బాగుపడి ప్యాసింజరు మళ్ళీ నడిచేసరికి, ఇక్కడి కాయే మేలని తాము మొదట్నుంచీ అంటున్నట్టు టౌన్‌షిప్‌లో చాలామందికి గుర్తొచ్చింది. పోలమ్మ బచేలీ ప్రయాణం మానేసి కంచె దగ్గరే అమ్మసాగింది. వ్యాపారులు వైజాగ్ కాయల మీద ఇంత ఎర్రదుమ్ము చల్లి "పోలమ్మ వంకాయలు" అని అరవడం కూడా మొదలైంది. గుత్తివంకాయ కూర ఆగిపోయినందుకు నీలకంఠం ఒక్కడే బాధపడ్డాడు. అది చూసి పోలమ్మ ఆ పద్దు మాత్రం కొనసాగించింది.

కూర్మారావు రిటైరయ్యాక జాగా రైల్వేకి తిరిగి వెళ్ళింది. వాళ్ళు అక్కడ స్లీపర్లు పేర్చి, చుట్టూ పోలమ్మ వేసిన కంచెనే ఉంచుకున్నారు. టెక్కలి వెళ్ళిపోదామన్నాడు కూర్మారావు. పోలమ్మ ఒప్పుకోలేదు. బురద అందని ఎత్తులో సోమ్లీకి ఇంకో నేలచెక్క ఉంది, ఊట పక్కనే. రాళ్ళు బోలెడు. ఇద్దరాడవాళ్ళూ ఆ వేసవంతా రాళ్ళేరారు. పోలమ్మ గట్టు మీద కూర్చుని శ్రీకాకుళం యాసలో హల్బీ మాట్లాడుతుంటే, వచ్చేపోయే సోమ్లీ చుట్టాలు పొట్టపట్టుకు నవ్వేవారు. ఆమె వాళ్ళను నవ్వనిచ్చి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రాయి పెట్టి, గట్టు అవతల పారేసి రమ్మనేది.