రాయి కింద తేమ

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కి వెళ్లినప్పుడు మాకు జాగ్రఫీ చెప్పిన కోస్తా మాస్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంటే. నేలల పాఠం వచ్చినప్పుడల్లా కంకరమట్టి పోసిన ట్రేలో బాటిల్ నీళ్లు ఒంపి, నావైపు చూసేవాడు.

"కొండ కంకర నేలా, మన అనంతపురం వాడి బుర్రా ఒకటేనండీ. ఎంత పోసినా నిలవదు."

క్లాసంతా నవ్వేది.

ఒకసారి మమ్మల్ని ఆరావళి కొండలకు తీసుకెళ్లాడు. వానలు ఆగి నెల దాటింది. తడి ఆరిపోతుందని మా నాయన చేలో రాళ్లు ఏరనిచ్చేవాడు కాదు. అది గుర్తొచ్చి ఒక రాయి ఎత్తాను.

"సార్, కింద తేమ ఉండాది."

ఆయన వేలు గుచ్చి చూశాడు. తడిమట్టి అంటుకుంది.

"అచ్ఛా. పరీక్షలో మాత్రం ఇది రాయకు," అంటూ ఆ వేలిని నా చొక్కాకే తుడిచాడు.

మర్నాడు ఆ మరక చొక్కాతోనే వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాను. ఆయన మరకను చూశాడు. చూస్తూనే కంకరమట్టి ట్రే ముందుకు లాక్కుని, బాటిల్ మూత తీశాడు.