టోఫు కొట్టు కోడలు

మా అత్తగారికి జపాన్‌లో ఒక కోడలు ఉండేది. నేను కాదు. నేను చింతాద్రిపేటలో ఆవిడ ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ కోడలు కాగితం మీది మనిషి. నెలకొకసారి వచ్చే జపాన్ బొమ్మల కథల పత్రికలో, కొండల మధ్య ఏదో చిన్న ఊళ్ళో, టోఫు, అంటే సోయా పాల జున్ను, చేసి అమ్ముకునే అత్త దగ్గర చాకిరీ చేస్తుండేది. ఆ పిల్ల కష్టాలు చూసి మా అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. నా కష్టాలు చూడ్డానికి ఆవిడకు తీరిక ఉండేది కాదు. ఆవిడ కొట్టు ఆవిడకుంది మరి.

కొట్టంటే ఇడ్లీ పిండి. ముందు గదిలో ఒక బల్ల, వంటింట్లో పెద్ద గ్రైండర్, గుమ్మం పక్కన మేకుకు 'పిండి ఉంది' అని తమిళంలో రాసిన పలక. మామగారు పోయాక మా ఆయన చదువంతా ఆ పిండి మీదే నడిచింది. ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. అయినా తెల్లవారేసరికి వీధిలో సగంమంది గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవారు. పప్పూ బియ్యం నానబోసి రుబ్బడం అత్తగారి పని. సాయంత్రం ఉప్పు వేసి చేత్తో కలపడం, గ్రైండర్ కడగడం నా పని. "నీది వేడి చెయ్యి అమ్మాయ్. నువ్వు కలిపితేనే పిండి పొంగతాది. నా చెయ్యి సల్లబడిపోయింది," అనేవారు. పొగడ్తే, కాదనను. ఆ పొగడ్తే నా మెడకు గుదిబండయింది.

పగలు నేను ఊరి బయట ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో దుబాసీని. జపాన్ ఇంజనీర్ల మాట ఇక్కడివాళ్ళకూ, ఇక్కడివాళ్ళ మాట వాళ్ళకూ చేరవేయాలి. వాళ్ళు విసుక్కుంటే నేను విసుక్కోవాలి. వీళ్ళు తప్పయిందంటే నేను నడుం వంచాలి. సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి నా నోట్లో నా మాట ఒక్కటీ మిగిలేది కాదు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మోచేతిదాకా పిండిలో చెయ్యి పెట్టేదాన్ని.

పత్రిక ఆ ఇంజనీర్లలో ఒకాయన ద్వారా వచ్చేది. వాళ్ళావిడ చదివేశాక, నా జపనీస్ తుప్పు పట్టకుండా ఉంటుందని తెచ్చి ఇచ్చేవాడు. ఇల్లాళ్ళ కోసం నడిచే మాసపత్రిక అది. మొదట్లో దిండంత లావుండేది. బూడిదరంగు చవక కాగితం, దాని నిండా సీరియళ్ళు. పిల్లుల డాక్టరు కథ ఒకటి, విడాకుల లాయరమ్మ కథ ఒకటి, పాత ప్రేమికుడు తిరిగొచ్చిన బేకరీ కథ ఇంకొకటి. అట్ట మీద ఎప్పుడూ రాబోయే నెల పేరు వేసేవాళ్ళు. "ఈ నెల గడవకనే చస్తా ఉంటే, వీళ్ళకి అంత తొందరేంది?" అన్నారు అత్తగారు.

ఆవిడ కంట పడింది మాత్రం సోయా గింజలు రుబ్బే మర బొమ్మ. "ఇదేంది, ఈడ మన గ్రైండర్ మాదిరి ఉండాది! చదువు, ఏం కథో చూద్దాం," అన్నారు. అంతే, ఇరుక్కుపోయాను. అప్పట్నుంచి కొత్త సంచిక వచ్చిన ప్రతి ఆదివారం మధ్యాహ్నం, కుడి నుంచి ఎడమకు పేజీలు తిప్పుతూ నేను తెలుగులో కథ చెప్పాలి. సెలవు రోజు కూడా దుబాసీ పనే.

విచిత్రమేమిటంటే ఆవిడ కోడలి పక్షం, నేను అత్త పక్షం. "ఆ ముసిల్దానికి బుద్ధుండాదా? పావం, ఆ పిల్లని పొద్దస్తమానం చన్నీళ్ళల్లో నిలబెడతా ఉంది. అంగడి కట్టేసి ఆడ మూల కూర్చోరాదా?" అని మండిపడేవారు. "కొట్టు మూస్తే పెద్దావిడకు ఇంకేం మిగులుతుంది అత్తయ్యా?" అని నేను ఆ ముసలమ్మను వెనకేసుకొచ్చేదాన్ని. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారే, ఆ సామెత నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేది.

పత్రికలో ప్రతి నెలా ఒక కార్డు ఉండేది. ఏ కథ నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాసి పంపాలి. ఎక్కువమంది మెచ్చిన కథ ముందు పేజీల్లోకి వస్తుంది. ఎవరికీ పట్టనిది వెనక్కి జరిగి జరిగి ఒకనాడు ఆగిపోతుంది. ఈ సంగతి తెలిశాక అత్తగారు ఊరుకుంటారా! ప్రతి నెలా మొదటి ఓటు టోఫు కొట్టుకే. ఎందుకు అనే గడిలో రాయమని నాతో చెప్పేవారు: "ఆ ముసిల్దాన్ని అంగడి మూసేయమని చెప్పండి. ఆ పిల్ల అలిసిపోయింది."

అవతల వంటింట్లో రుబ్బిన పిండి నాకోసం కాచుకుని ఉండగా, ఆ మాటలు నేను పొందిగ్గా జపనీస్‌లో రాసేదాన్ని. ఆ కార్డు జపాన్‌లోనే చెల్లుతుంది గనక, ఇంజనీర్లలో ఎవరు ఊరికి పోతుంటే వాళ్ళ చేతికి ఇచ్చేదాన్ని. మా ఓటు ఎవరైనా చూశారో లేదో దేవుడికెరుక. కార్డు రాస్తుంటే ఒళ్ళు మండేది. 'ఆ మాట మీకు మీరే చెప్పుకోండి అత్తయ్యా' అనాలనిపించేది. కానీ ఎదుటివాళ్ళ మాటలో తన మాట కలపడం దుబాసీకి నిషిద్ధం. అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. పైగా నాకు కోపం కన్నా ముందు నిద్రొచ్చేది.

పత్రిక చిక్కిపోతూ వచ్చింది. దిండు కాస్తా మడతపెట్టిన దుప్పటంత అయింది. కొనేవాళ్ళు తగ్గారేమో, సంచికతో పాటు కానుకలివ్వడం మొదలుపెట్టారు. ఒక నెల చేతి అద్దం, ఒక నెల పూల గుడ్డసంచి. ఆ సంచిలో అత్తగారు కొత్తిమీర తెచ్చుకునేవారు. బేకరీ ప్రేమికులు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయారు. లాయరమ్మ కథ ఫోన్లో చదివే కథయిపోయింది. పిల్లుల డాక్టరు బొమ్మలు గీసే ఆవిడకు చెయ్యి నొప్పి చేసి, ఈ నెల కథకు సెలవని చిన్న ప్రకటన వేశారు. అది చదివి నేను ఆవిడ మీద జాలిపడలేదు, ఈర్ష్యపడ్డాను. టోఫు కొట్టు మాత్రం వెనక పేజీల్లోకి జరుగుతూ పోయింది. "అంగడి మూయించకనే కథ ఆపేస్తారేమో," అని అత్తగారు దిగులుపడ్డారు.

అదే జరిగింది. ఒక నెల వచ్చిన సంచికే చివరిదని మొదటి పేజీలో సంపాదకుల ప్రకటన ఉంది. జపాన్‌లో పత్రిక మూతపడిందని చెప్పుకోరు. "ఇన్నేళ్ళు ఆదరించిన మీకు శిరసు వంచి కృతజ్ఞతలు. వచ్చే నెల నుంచి మా పత్రిక విశ్రాంతి తీసుకుంటుంది," అని రాశారు. టోఫు కొట్టు చివరి బొమ్మలో కోడలు ఎప్పటిలాగే సోయా గింజలు నానబోస్తోంది. కింద మూలగా, మొదటి భాగం సమాప్తం.

"రెండో భాగం ఎప్పుడంట?" అన్నారు అత్తగారు.

"రాదు అత్తయ్యా. కథ మధ్యలో ఆపేసేటప్పుడు మర్యాదకు అలా వేస్తారు. ఆ పిల్ల ఇక అలా రుబ్బుతూనే ఉంటుంది, చచ్చేదాకా."

ఆ చివరి మాట పత్రికలో లేదు. ఎవరూ నన్ను చెప్పమన్నదీ కాదు. అది నా మాట. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తగారు నా మొహం చూడలేదు, చేతులు చూశారు. ఉప్పు పిండికి వేళ్ళ సందులు ఒరిసి ఎర్రగా ఉన్నాయి. లేచి వంటింట్లోకి పోయారు. ఆ సాయంత్రం కూడా పిండి నేనే కలిపాను. అనీ ఏం లాభం అనుకున్నాను.

కొన్నాళ్ళకు, నేను బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టానో లేదో, అత్తగారు ఎదురొచ్చారు.

"ఆ పొస్తకం తీసుకురా. మొదట్లో ఏమో రాసినారే, అది ఇంకోతూరి చదువు."

చదివాను.

"మూసేసినామని లేదు కదా?"

"లేదు."

"రెస్టనే కదా ఉండేది?"

"అవునత్తయ్యా."

గుమ్మం పక్కన పలక తీసి, తడిగుడ్డతో తుడిచి, నా చేతిలో పెట్టారు. "అదే అరవంలో రాయి. పత్రిక అనే కాడ పిండి అని పెట్టు. ఆ శిరసు వంచేది విడిచిపెట్టబాక, బాగుంది."

సుద్దముక్క అందుకున్నాను. ఇన్నేళ్ళు ఆదరించిన మీకు, అని మొదలుపెట్టి మొత్తం రాశాను. ఆవిడ నిలబడి ఒక్కో మాటా చదువుకున్నారు. తనే తీసుకెళ్ళి మేకుకు తగిలించి, కాసేపు అక్కడే నిలబడిపోయారు. తిరిగొచ్చాక, "చేతులు కడుక్కో పో. ఈ పొద్దు కలిపేది ఏం లేదు," అన్నారు.

మర్నాడు తెల్లవారి గిన్నెల చప్పుడు వినిపించింది. నేనింకా పక్క మీదే ఉన్నాను. ఆ వేళకు పడుకుని ఉండడం అలవాటు లేక లేచి కూర్చున్నాను. పక్క వీధి ఆవిడెవరో పలక మీద రాసింది పైకి చదివి, "మళ్ళీ ఎప్పుడమ్మా పిండి?" అని తమిళంలో అడిగింది.

మా అత్తగారు గొంతు సవరించుకుని, తమిళంలోనే, ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

"రెండో భాగంలో."