పన్నెండు నెలల గాలి

తెల్లవారి పొయ్యి రాజేయకముందే జన్నత్ బీ వాకిట్లోకి వస్తుంది. చూరు కింది డబ్బాలోంచి చిటికెడు జొన్నపొట్టు తీసి, చెయ్యి పైకెత్తి వదులుతుంది. అది ఎటు పడిందో, ఎంత దూరం పోయి పడిందో చూసుకుని లోపలికి వెళ్తుంది. దేవరకొండకు అయిదు మైళ్లలో ఉన్న ఆ పల్లెలో ఎవరి పంట ఏ పూట తూర్పారబట్టాలో చెప్పేది ఆమే. సగం ఊరి గింజలు ఆమె చాటలోంచి జారాకే గుమ్మికి చేరతాయి.

పల్లె చివర రెండు గుట్టల నడుమ సందులో పెద్ద పరుపుబండ ఉంది. చెట్టు మీద ఆకు కదలని రోజున కూడా ఆ సందులో ఏదో ఒక పూట కాస్తంత గాలి ఆడుతుంది. ఊరంతటికీ అదే కల్లం. కానీ బండ సర్కారుది.

1992 ఆషాఢంలో ఒక జీపు వచ్చి ఆ బండ దగ్గర ఆగింది. అందులోంచి దిగిన ఇంజనీరు గుర్వయ్య నాలుగు చిన్న గిన్నెలు గిర్రున తిరిగే యంత్రాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ముల్లు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. నెలంతా రోజు విడిచి రోజు వచ్చి గాలివేగం కొలిచాడు. ఆఖరి రోజున కాగితాలు తెచ్చి సర్పంచు బుచ్చయ్యను బండ దగ్గరికి పిలిపించాడు. బుచ్చయ్య జన్నత్ బీని, ఆమె భర్త మెహమూద్‌ను పిలిపించాడు.

మెహమూద్ కూడా ఒకప్పుడు చాట పట్టినవాడే. ఇరవై ఏళ్ల దుమ్ము రొమ్ములో చేరింది. ఇప్పుడు పది అడుగులు వేస్తే ఒకచోట కూర్చోవాలి.

"ఢిల్లీల పెద్ద లెక్క పెట్టుకున్నరమ్మా," అన్నాడు గుర్వయ్య. "అయిదేండ్లల్ల గాలి నుంచి ఇంత కరెంటు తియ్యాలని. బయటి దేశాలల్ల సముద్రంల సుత గాలిమరలు నాటుతున్నరట. మనోళ్లు గూడ సముద్రం దిక్కే చూస్తున్నరు. పైసలన్ని గటు పోయినయంటె గీ రాళ్లల్లకు ఒక్క మర రాదు. సోమవారం లోపల కాయితం హైదరాబాద్ చేరాలె."

కాగితంలో పన్నెండు గళ్లున్నాయి. నెలకొకటి. ఆయన కొలిచింది ఒక్క నెలే. మిగిలిన పదకొండూ స్థానికుల మాట మీద నింపవచ్చు. ఆ మాట కింద గాలి తెలిసిన మనిషి వేలిముద్ర కావాలి.

"గాలి సంగతి మా జన్నత్ బీ కన్న ఎక్కువ ఎవలకు ఎర్కలేదు సార్," అని బుచ్చయ్య ఆమె వైపు తిరిగాడు. "చెల్లె, బండ సుట్టూ కంచె ఏస్తరు. కావలికి మనిషి గావాలె. కూసొని చేసే నౌకరీ. మెహమూద్ పేరు చెప్పిన."

మెహమూద్ ఆశగా భార్య ముఖం వైపు చూశాడంతే. ఆమె బండ వైపు చూసింది. కంచె వేస్తే కల్లం పోతుంది. ఇంకెక్కడ ఎగరబోసినా పొట్టూ గింజా ఒకేచోట రాలతాయి. వెనక వరసలో అండాలు, మారెమ్మ, ఇంకా చాట పట్టే అయిదారుగురు ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

బుచ్చయ్య సిరాదిండు ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు దాని మీద అద్దింది. వేలు నల్లబడింది. కాగితానికి బెత్తెడు దూరంలో ఆగింది.

"సారూ, మార్గశిరానికి ఏం రాస్తరు?"

గుర్వయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "గంటకు ఇరవై రెండు కిలోమీటర్లు."

"ఇప్పుడెంత?"

"ఇరవై నాలుగు."

ఆమె నవ్వలేదు గానీ వెనకనుంచి మారెమ్మ నవ్వింది. "మార్గశిరంల గంత గాలుంటె మా నడుములు ఎందుకు పడిపోతయి!"

"నువ్వు సప్పుడు చెయ్యకు," అని కసిరాడు బుచ్చయ్య. "చెల్లె, ఒత్తు. సార్‌కు ఆలిస్యమైతాంది."

"గిది ఆషాఢం గాలి సారూ. మనిషిని పడగొడ్తది," అంది జన్నత్ బీ. "మార్గశిరంల పొద్దు పొడిసినప్పటి సంది చాట ఎత్తుకొని నిలవడ్త. మిట్టమధ్యానం దాక రాదు. వస్తె గడియసేపు వస్తది. గా గడియ కోసమే గింతమందిమి ఈడ పడి ఉంటం. గప్పుడు మీ మర ఎట్ల తిరుగుతది?"

"ఊరికి కరెంటొస్తదే," బుచ్చయ్య పళ్ల బిగువున అన్నాడు. "నీ మొగనికి నౌకరీ వస్తది. మల్ల అడగను."

మెహమూద్‌కు దగ్గు తెర వచ్చింది. ఆమె వేలు ఇంకా గాల్లోనే ఉంది. తర్వాత ఆ వేలిని వంగి బండకు తుడిచేసింది. నల్లని గీత పడింది.

"లేని గాలికి ఏలిముద్ర ఎట్ల ఎయ్యాలె సారూ? గా పదకొండు నెలలు సుత కొలుసుకోన్రి."

గుర్వయ్య కాగితాలు మడిచి జీపెక్కాడు. బుచ్చయ్య ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చాక మెహమూద్ ఎనిమిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజున, "జర నీళ్లియ్యి," అన్నాడు. అంతే.

సోమవారానికి హైదరాబాద్ చేరిన కాగితంలో పదకొండు గళ్లు ఖాళీగానే ఉన్నాయి. ఒత్తడానికి వేలు దొరకలేదో, మనసే ఒప్పలేదో, ఇంజనీరు ఎవరికీ చెప్పలేదు. దసరా తర్వాత గుట్ట మీద గిన్నెల యంత్రం బిగించిన ఒక స్తంభం నాటి, ఏడాదంతా కొలిచారు. మార్గశిరంలో గిన్నెలు రోజులో చాలాసేపు తిరగలేదు. మరుసటి ఏడు స్తంభం ఊడదీసుకుపోయారు. మరలు పెట్టే ఊళ్ల జాబితాలో ఆ పల్లె లేదు. బావి దగ్గర బుచ్చయ్య మనుషులు, "గాలిని సుత దాసుకున్న ఆడది," అని చాలాకాలం ఎత్తిపొడిచారు. ఆమె కడవ నింపుకుని వచ్చేది.

ఇప్పుడు 1998. జన్నత్ బీకి యాభై నాలుగేళ్లు. మెహమూద్‌కు ఏ నౌకరీ రాలేదు. మొన్న పుష్యంలో ఆ బండ మీద పద్నాలుగు ఇళ్ల కందులు ఆమె ఎగరబోసింది.