గట్టు మీద వాక్కాయ

కనకరత్నం గారికి వాక్కాయ పిచ్చి. పప్పులో వాక్కాయ, పులిహోరలో వాక్కాయ, చివరికి రొయ్యల కూరలోనూ వాక్కాయే. ఎవరికైనా జ్వరమని తెలిస్తే చాలు, వాక్కాయ పచ్చడి సీసాతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. ఉప్పాడ ఇసుకనేలలో పుట్టి, టీచరుగా రిటైరై, ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టుకున్నా ఆ పులుపు మాత్రం ఆవిడను వదల్లేదు.

ఆ పులుపుకి మొదట బలైనవాడు పక్కింటి హాషం. పులుపు నాలుక్కి తగిలితే అతనికి ఒళ్లు జలదరిస్తుంది.

"నాకు పడదక్కా."

"పడకపోవడమేంటి తమ్ముడూ? నాలుగు ముద్దలు తిను, అదే అలవాటవుతుంది."

హాషం మొహమాటస్థుడు. సీసా తీసుకునేవాడు. అతని భార్య అజ్మత్ బీ ఆ పచ్చడితో గిన్నెలు తోమేది. వాడలో అంత తళతళలాడే రాగి చెంబు ఇంకో ఇంట్లో లేదు.

ఊరి చుట్టూ పొలాలన్నీ వెంచర్లవుతున్న రోజులవి. శేరిగూడ దారిలో పది గుంటలు మాత్రం అమ్మకుండా హాషం టమాటా వేసుకుంటున్నాడు. ఒక వానాకాలం కనకరత్నం గారు అక్కడికొచ్చారు.

"మా పెరట్లో చోటు లేదు. నీ గట్టు మీద నాలుగు వాక్కాయ మొక్కలు వేసుకోనీ."

నాలుగన్నవి సాయంత్రానికి నలభై అయ్యాయి. హద్దురాయి నుంచి హద్దురాయికి తాడు కట్టి మరీ వరసగా నాటారు.

"గా టీచరమ్మ జర జర జాగ పట్టుకుంటున్నది," అంది అజ్మత్ బీ. "నువ్వేమో అక్కా అక్కా అనుకుంట తిరుగుతున్నవ్."

హాషానికీ అనుమానం పట్టుకుంది. మర్నాడు పీకేద్దామని పోతే బొటనవేల్లో ముల్లు దిగింది. ఆ కేకకి ఆవిడ పరుగున వచ్చారు.

"గుచ్చుకుందా? కాస్త వాక్కాయ..."

"వద్దక్కా!"

మూడేళ్లకు పొదలు నడుము దాటాయి. ఒకనాడు పొద్దున్నే చూస్తే హద్దురాళ్లు ఒక్కటీ లేవు. వాటి బదులు జేసీబీ, దాని ముందు తెల్లచొక్కా మనిషి ఉన్నారు.

"మా ప్లాట్లు టమాటా దాక ఉన్నయ్ చాచా. కాదంటే నీ రాయి చూపియ్."

ఉన్న ఆ పది గుంటలూ పోతున్నాయని హాషం జేసీబీకి అడ్డంగా నిలబడ్డాడు. అప్పటికే ఎవరో కబురిచ్చారేమో, కనకరత్నం గారు సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చారు. అతను నక్షా పరిచి టేపు వేశాడు. పాత హద్దూ, పొదల వరసా ఒక్కటే. తెల్లచొక్కా అడ్డదారిన పోబోతే ముళ్లు చొక్కా చేతిని పట్టుకున్నాయి.

"కదలకు బాబూ, చిరిగిపోతుంది. వెళ్లేటప్పుడు పచ్చడి పట్టుకెళ్లు," అన్నారావిడ.

జేసీబీ వెనక్కి మళ్లాక హాషం తల దించుకున్నాడు.

"ముందే చెప్పొద్దా అక్కా? మేం నిన్నే అనుమానపడ్డం."

"తెలుసులే. మీ ఆవిడ గొంతు మా వంటింట్లోకి వినిపిస్తుంది. మొక్కలు నాటకముందే, అవతలి నారయ్య పొలంలో ఈ వెంచరు వాళ్లు రాళ్లు జరపడం చూశాను. చెబితే నువ్వు కర్ర పట్టుకుని పోయేవాడివి. రాయిని రాత్రికి రాత్రి మాయం చేస్తారు గానీ, నలభై ముళ్ల పొదల్ని ఎవడు పీకుతాడు?"

హాషానికి ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఏం చెయ్యాలో తోచక ఆవిడ చేతిలోని సీసా మూత తీసి, పచ్చడి ఇంత నోట్లో వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది?"

"మస్తున్నదక్కా."

మర్నాటి నుంచి సీసాలు రెండయ్యాయి.